తాబేలు గీతలతో ప్రోగ్రామింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్‌ను మొదటి నుంచి తయారుచేసుకోవడం

కొత్తగా ప్రోగ్రామింగ్ మొదలుపెట్టినవాళ్లకు అన్నిటికంటే ఇబ్బంది ఒకటుంది. తాము రాసిన వాక్యానికీ కంప్యూటరు చేసిన పనికీ మధ్య ఏం జరిగిందో వాళ్లకు కనబడదు. రన్ నొక్కుతారు, ఏదో ఒక అంకె వస్తుంది, లేకపోతే ఎర్ర అక్షరాల్లో ఒక పేరా వస్తుంది. ఏ వాక్యం వల్ల ఏం జరిగిందో అంతుపట్టదు. అదే తెర మీద ఒక తాబేలు ఉండి, ‘ముందుకు 100’ అనగానే గీత గీసుకుంటూ నడిచి వెళ్తే, ఆ సంబంధం కళ్లముందే ఉంటుంది. ఈ వ్యాసంలో అలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఏ వరసలో, ఎలా కట్టుకోవాలో చెబుతాను. ఇందులో ప్రతి నిర్ణయానికీ నేను పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే: ఇప్పుడు ఏ మాట నడుస్తోందో, దాని వల్ల ఏం కదిలిందో నేర్చుకునేవాళ్లకు కనబడుతోందా?

తాబేలు వెనకున్న కథ తెలిస్తే ఈ నిర్ణయాలు తేలిగ్గా అర్థమవుతాయి. 1967లో అమెరికాలోని బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థలో వాలీ ఫ్యూర్‌జైగ్, సేమూర్ పేపర్ట్, సింథియా సోలమన్ తదితరులు కలిసి పిల్లల కోసం లోగో భాషను రూపొందించారు. మొదట్లో అందులో తాబేలు లేదు. మాటలతో, వాక్యాలతో ఆడుకోవడానికే ఆ భాష పనికొచ్చేది. తర్వాత కొన్నేళ్లకు నేల మీద పాకుతూ పెన్నుతో గీతలు గీసే రోబో వచ్చింది, ఆ తర్వాత అదే తెర మీదికి చేరింది. పేపర్ట్ అంతకుముందు జెనీవాలో, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే దగ్గర పనిచేసిన మనిషి. పిల్లలు తామే తాబేలైనట్టు ఊహించుకుని, లేచి నాలుగడుగులు వేసి చూసుకుంటే జవాబు దొరికేలా ఉండాలని ఆయన పట్టుదల. అందుకే తాబేలుకు ‘ఫలానా బిందువుకు వెళ్లు’ అని చెప్పం. ‘ఇటు తిరుగు, ఇంత నడు’ అని చెబుతాం.

పైథాన్‌తో పాటే తాబేలు గీతల కోసం టర్టిల్ అనే మాడ్యూల్ వస్తుంది కదా, మళ్లీ ఇదెందుకు అని అడగొచ్చు. అది మంచి పరికరమే, కొంచెం అనుభవం వచ్చాక దాన్నే వాడాలి. కానీ మొదటి రోజున ఏ వాక్యం నడుస్తోందో అది చూపించదు, తప్పు జరిగితే లోపలి ఫైళ్ల పేర్లన్నీ బయటికి కక్కుతుంది, మాటలన్నీ ఇంగ్లీషువి. తెలుగు చదవడం మాత్రమే వచ్చిన పిల్లకు అది మూడు గోడలు ఒకేసారి దాటడం అవుతుంది.

ముందుగా తేల్చుకోవాల్సినవి

బ్రౌజరులో నడిచేలా చేయండి. ఇన్‌స్టాల్ చేయాల్సిన పని ఉండదు, పాత కంప్యూటర్లోనూ ఫోన్లోనూ తెరుచుకుంటుంది, గీయడానికి కాన్వాస్ అందులోనే ఉంది. మొత్తం ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఉంచితే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వొచ్చు, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. ఫ్రేమ్‌వర్కులు అక్కర్లేదు, మామూలు జావాస్క్రిప్ట్ సరిపోతుంది. కింది నమూనాల్లో లోపలి పనిని మామూలు తెలుగు మాటల్లోనే రాశాను. మీకు వచ్చిన ఏ భాషలోకైనా మార్చుకోవచ్చు.

పని నాలుగు ముక్కలు: రాసినదాన్ని మాటలుగా విడగొట్టే భాగం, ఆ మాటల నుంచి వాక్య నిర్మాణాన్ని పట్టుకునే పార్సర్, వాక్యాలను ఒక్కొక్కటిగా నడిపే యంత్రం, తెర. ఈ నాలుగూ ఒకదాని లోపలి సంగతులు ఒకదానికి తెలియకుండా ఉంటే మంచిది. ముఖ్యంగా నడిపే యంత్రానికి కాన్వాస్ ఒకటుందనే తెలియకూడదు. అప్పుడే తెర లేకుండా కూడా పరీక్షలు రాసుకోగలుగుతాం.

భాష: పదకొండు మాటలు చాలు

మొదటి రూపంలో ఇంతకు మించి పెట్టొద్దు: ముందుకు, వెనక్కి, కుడి, ఎడమ, గీయి, గీయకు, రంగు, చెరుపు, సార్లు, అయితే, నేర్చుకో. వీటితో చతురస్రం నుంచి కొమ్మలున్న చెట్టు దాకా గీయొచ్చు.

```
4 సార్లు [
  ముందుకు 100
  కుడి 90
]
```

అంకె ముందొచ్చి ‘సార్లు’ తర్వాత రావడం గమనించండి. మనం మాట్లాడేది అలాగే. ‘భుజం < 200 అయితే [ … ]’ కూడా అంతే. ‘ముందుకు’, ‘కుడి’ లాంటి ఆజ్ఞలకు మాత్రం అంకెను తర్వాతే ఉంచాను. ఏం చేయాలో ముందే తెలిస్తే, అంకె మర్చిపోయినప్పుడు ఏం మర్చిపోయారో చెప్పడం కుదురుతుంది.

చరరాశికి విలువ ఇచ్చే గుర్తును నేను కావాలనే వదిలేశాను. ‘భుజం = భుజం + 5’ చూడగానే గణితం నేర్చుకున్న పిల్లలకు అది అసాధ్యంగా అనిపిస్తుంది. నిజానికి వాళ్ల అనుమానం సబబే. ‘నేర్చుకో’తో చెప్పే కొత్త ఆజ్ఞలకు విలువలు అందించే వీలుంటే మొదటి కొన్ని వారాలకు అది చాలు:

```
నేర్చుకో చతురస్రం భుజం [
  4 సార్లు [ ముందుకు భుజం కుడి 90 ]
]
చతురస్రం 50
చతురస్రం 120
```

తాబేలు స్థితి, దాని లెక్క

తాబేలు గురించి గుర్తుపెట్టుకోవాల్సింది కొంచెమే: అది నిలబడ్డ చోటు (ఎక్స్, వై), చూస్తున్న దిశ, గీస్తోందా లేదా, గీత రంగు, మందం. తెర మధ్యలో 0, 0. దిశ 0 అంటే పైకి, అంకె పెరిగేకొద్దీ గడియారం ముల్లు తిరిగే వైపు. గణితంలో వాడే పద్ధతి వేరు, అక్కడ 0 కుడివైపుకు ఉండి కోణం గడియారానికి ఎదురుగా పెరుగుతుంది. పైథాన్ టర్టిల్ మామూలుగా నడిచేదీ ఆ పద్ధతిలోనే, లోగో మోడ్ పెడితే పైకి చూస్తుంది. కొత్తవాళ్లకు పైకి చూడటమే సహజం. దిక్సూచి కూడా అలాగే లెక్కపెడుతుంది.

```
కోణం = దిశ × 3.14159265 / 180
కొత్త ఎక్స్ = ఎక్స్ + దూరం × సైన్(కోణం)
కొత్త వై = వై + దూరం × కొసైన్(కోణం)
```

కాన్వాస్‌లో వై విలువ కిందికి పెరుగుతుంది కాబట్టి గీసేటప్పుడు మాత్రమే తిప్పుకోవాలి: తెర ఎక్స్ = వెడల్పు / 2 + ఎక్స్, తెర వై = ఎత్తు / 2 − వై. ఈ మార్పిడి ఒక్క చోటే ఉండాలి. లెక్కల్లోనూ తెర మీదా రెండు చోట్లా తిప్పితే, కుడి ఎప్పుడు ఎడమవుతుందో కనిపెట్టడానికి ఒక సాయంత్రం పోతుంది. తాబేలు బొమ్మను పైకి చూస్తున్నట్టు గీసి ఉంచుకోండి. కాన్వాస్ తిప్పే ఆజ్ఞ కూడా గడియారం వైపే తిప్పుతుంది కనుక దిశ గుర్తు మార్చక్కర్లేదు, కాకపోతే అది రేడియన్లలో అడుగుతుంది కాబట్టి డిగ్రీలను కాకుండా పైన లెక్కించిన కోణాన్ని ఇవ్వాలి.

కంప్యూటరులో 90 డిగ్రీల కొసైన్ సరిగ్గా సున్నా రాదు, సున్నాకు అతి దగ్గరగా ఒక చిన్న భిన్నం వస్తుంది. గీతల్లో ఆ తేడా కనబడదు. కానీ స్థానాన్ని తెర మీద అంకెల్లో చూపిస్తే మాత్రం దశాంశం తర్వాత ఒక స్థానానికి సవరించి చూపించండి. లోపల దాచుకునే విలువను సవరించకండి, సవరిస్తే తప్పు పేరుకుపోతుంది.

రాసినదాన్ని మాటలుగా విడగొట్టడం

తెలుగు మాటలతో భాష తయారుచేసేవాళ్లు మొట్టమొదట ఇక్కడే దెబ్బతింటారు. మాటలను వెతికి పట్టడానికి ఇంగ్లీషు కోసం రాసిన నమూనాల్లో (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు) ‘పదంలోని అక్షరం’ అనే గుర్తు (\w) గుణింతాలను, ఒత్తులను అక్షరాలుగా లెక్కచేయదు. జావాస్క్రిప్ట్‌లో అది తెలుగునే గుర్తించదు. పైథాన్‌లో తెలుగు హల్లులను గుర్తిస్తుంది కానీ గుడి, కొమ్ము, పొల్లు దగ్గర మాటను తెంపేస్తుంది. ‘ముందుకు’ కాస్తా మూడు ముక్కలవుతుంది. అందుకని యూనికోడ్ (ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) అక్షరాలు, యూనికోడ్ కలయిక గుర్తులు రెండూ కలిపిన నమూనా రాయండి. లేదా నేరుగా తెలుగుకు కేటాయించిన సంఖ్యల పరిధినే చూడండి: 3072 నుంచి 3199 దాకా.

ఇంకో మూడు సంగతులు ఇక్కడే చూసుకోవాలి. తెలుగు అంకెలు ౦ నుంచి ౯ దాకా 3174 నుంచి 3183 వరకు ఉంటాయి. ఆ సంఖ్యలోంచి 3174 తీసేస్తే విలువ వచ్చేస్తుంది, కాబట్టి ‘ముందుకు ౧౦౦’ కూడా నడవాలి. రెండోది, కంటికి కనబడని విడదీత గుర్తు. పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా కొన్ని కీబోర్డులు 8204 సంఖ్య ఉన్న ఒక గుర్తును చొప్పిస్తాయి. తెర మీద ఒకేలా కనబడే రెండు పేర్లు కంప్యూటరుకు వేర్వేరు కావడం కంటే కొత్తవాళ్లను ఏడిపించేది ఇంకోటి ఉండదు. పోల్చేముందు దాన్ని తీసేయండి. మూడోది, ఐత్వాన్ని ఒకే సంఖ్యగా (3144) రాయొచ్చు, రెండు ముక్కలుగా (3142, 3158) కూడా రాయొచ్చు. ‘కుడివైపు’ అనే మాటలో ఇది ఎదురవుతుంది. జావాస్క్రిప్ట్‌లో నార్మలైజ్ అనే పద్ధతిని ఎన్‌ఎఫ్‌సీ రూపంతో పిలిస్తే రెండూ ఒకటవుతాయి.

విడగొట్టిన ప్రతి మాటతో పాటు అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, ఏ వరసలో ఉందో కూడా దాచుకోండి. తర్వాత చేయబోయే వెలిగించే పని, తప్పు చూపించే పని రెండూ దీని మీదే ఆధారపడతాయి.

పార్సర్

నియమం తేలికే. వాక్యం తొలి మాట తెలిసిన ఆజ్ఞ అయితే దానికి కావలసినన్ని విలువలు చదవాలి. కాకపోతే అక్కడొక లెక్క ఉందనుకుని దాన్ని చదివి, తర్వాత ‘సార్లు’ గానీ ‘అయితే’ గానీ ఉందేమో చూడాలి. ‘నేర్చుకో’ పేర్లను, వాటికెన్ని విలువలు కావాలో ముందే ఒకసారి మొత్తం చదివి జాబితా చేసుకోండి. అప్పుడు ఆజ్ఞను కింద చెప్పి పైన వాడినా, తనని తానే పిలిచినా ఇబ్బంది ఉండదు.

వరస మారడానికి అర్థం లేని భాషలూ ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఉండాలంటాను. ఎందుకో చూడండి:

```
ముందుకు 50
కుడి
4 సార్లు [ ముందుకు 20 కుడి 90 ]
```

పిల్లవాడు ‘కుడి’ తర్వాత అంకె మర్చిపోయాడు. వరసలను పట్టించుకోని పార్సర్ కింది వరసలోని 4ను లాక్కుని కుడికి 4 డిగ్రీలు అనుకుంటుంది. తర్వాత ‘సార్లు’ ఒంటరిగా మిగిలి, దాని ముందు అంకె లేదని ఫిర్యాదు చేస్తుంది. పిల్లవాడు మూడో వరస చూస్తాడు, అక్కడ 4 చక్కగా కనబడుతూనే ఉంటుంది. కంప్యూటరు అబద్ధం చెబుతోందని అతను అనుకుంటే తప్పు అతనిది కాదు. ఆజ్ఞకు కావలసిన విలువ అదే వరసలో దొరకాలి అన్న ఒక్క నియమం పెడితే, సందేశం రెండో వరసకే వచ్చి ‘కుడి’ పక్కనే నిలబడుతుంది.

బ్రాకెట్ మూయడం మర్చిపోతే ఫైలు చివర తప్పుందని చెప్పకండి. ఏ బ్రాకెట్ తెరిచి వదిలేశారో దాన్ని వెలిగించండి.

నడిపే యంత్రం: ఆగడం తెలిసి ఉండాలి

మొత్తం పనిలో గుండెకాయ ఇది. చాలామంది ఇక్కడ తొందరపడి, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఒక్క ఊపులో నడిపే ఫంక్షన్ రాసేస్తారు. అలా చేస్తే పని అంతా అయ్యేదాకా బ్రౌజరు తెరను మళ్లీ గీయదు. బొమ్మ ఒక్కసారిగా ఊడిపడుతుంది. నడక ఎవరికీ కనబడదు. పొరపాటున అంతులేని పిలుపు ఒకటి రాస్తే ట్యాబ్ బిగుసుకుపోయి, రాసిందంతా పోతుంది.

పరిష్కారం, ప్రతి వాక్యం దగ్గరా ఆగి అనుమతి అడిగే యంత్రం. జావాస్క్రిప్ట్‌లో జెనరేటర్ ఫంక్షన్లు (మధ్యలో ఆగి, మళ్లీ పిలిస్తే ఆగిన చోటి నుంచే కొనసాగేవి) సరిగ్గా ఇందుకే పనికొస్తాయి. పైథాన్‌లోనూ ఉన్నాయి.

```
నడిపించు(వాక్యాలు):
  ఒక్కో వాక్యానికీ:
    ఆగు (ఈ వాక్యం చోటు చెప్పి)
    ఆజ్ఞ అయితే: తాబేలు స్థితి మార్చు, మార్పును బయటికి చెప్పు
    ‘సార్లు’ అయితే:
      అన్ని సార్లూ:
        ఆగు
        నడిపించు(లోపలి వాక్యాలు)
    ‘అయితే’ అయితే:
      షరతు నిజమైతే నడిపించు(లోపలి వాక్యాలు)
    కొత్తగా నేర్చిన ఆజ్ఞ అయితే:
      లోతు ఒకటి పెంచు
      దానికిచ్చిన విలువలతో నడిపించు(దాని వాక్యాలు)
      లోతు ఒకటి తగ్గించు
```

‘సార్లు’ లోపల ప్రతి చుట్టు దగ్గరా ఒక ‘ఆగు’ విడిగా ఉండటం మర్చిపోవద్దు. అది లేకపోతే ‘100000000 సార్లు [ ]’ అని ఖాళీ బ్రాకెట్లు రాసినప్పుడు యంత్రం ఎక్కడా ఆగదు. అలాంటివి పిల్లలు తప్పకుండా రాస్తారు, రాయాలి కూడా.

ఇలా కట్టాక మిగతావన్నీ దాదాపు ఉచితంగా వస్తాయి. ‘ఒక్క అడుగు’ బటన్ అంటే యంత్రాన్ని ఒక్కసారి కదిలించడం. ‘ఆపు’ అంటే మళ్లీ కదిలించకపోవడం. నడుస్తున్న వాక్యాన్ని వెలిగించడం అంటే ‘ఆగు’ చెప్పిన చోటుకు రంగు వేయడం. వేగం అంటే రెండు కదలికల మధ్య ఎంతసేపు ఊరుకోవాలన్నదే.

బ్రౌజరు తెరను సాధారణంగా సెకనుకు 60 సార్లు గీస్తుంది, అంటే ఒక్కో వంతుకు 16 మిల్లీసెకన్ల పైచిలుకు. పూర్తి వేగంలో నడిపేటప్పుడు కూడా ఒక్కో వంతులో 10 మిల్లీసెకన్లు మాత్రమే యంత్రాన్ని తిప్పి, పగ్గాలు బ్రౌజరుకు ఇచ్చేయండి. ‘ఆపు’ బటన్ ఎప్పుడు నొక్కినా పనిచేస్తుంది.

తనని తాను పిలుచుకునే ఆజ్ఞలకు లోతు పరిమితి మీరే పెట్టండి, 1000 అనుకుందాం. పెట్టకపోతే బ్రౌజరు తన పరిమితి దాటినప్పుడు తనకు తోచిన భాషలో తిట్టి ఆగిపోతుంది. మీరు పెట్టుకుంటే ‘చెట్టు తనని తాను 1000 సార్లు పిలుచుకుంది, ఎక్కడ ఆగాలో చెప్పారా?’ అని అడగొచ్చు.

తెర మీద తాబేలు

గీసిన గీతలన్నిటినీ ఒక జాబితాలో దాచండి: ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ రంగు, ఎంత మందం. వెనక్కి తీసుకోవడం, పెద్దది చేసి చూడటం, బొమ్మను ఫైలుగా దాచుకోవడం అన్నీ ఆ జాబితాతోనే అవుతాయి. రెండు కాన్వాస్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టండి. కిందిదాని మీద గీతలు, పైదాని మీద తాబేలు. తాబేలు కదిలిన ప్రతిసారీ పైదాన్ని మాత్రమే తుడిచి గీస్తే చాలు, కింద పదివేల గీతలున్నా భారం పడదు. ఫోన్లలో గీతలు మసకగా కనబడితే, కాన్వాస్ కొలతలను డివైస్ పిక్సెల్ రేషియోతో హెచ్చించి, గీసేటప్పుడు అదే నిష్పత్తిలో స్కేల్ చేయండి.

నడకను నెమ్మదిగా చూపించాలని అందరికీ తోస్తుంది. తిరగడాన్ని కూడా అంతే నెమ్మదిగా చూపించాలని మాత్రం తోచదు. నా దృష్టిలో తిరగడమే ముఖ్యం. త్రిభుజం గీయమంటే కొత్తవాళ్లలో చాలామంది ఇలా రాస్తారు:

```
3 సార్లు [ ముందుకు 100 కుడి 60 ]
```

సమబాహు త్రిభుజంలో కోణం 60 అని పాఠంలో చదువుకున్నారు, కాబట్టి అది న్యాయమైన ఊహే. కానీ తెర మీద త్రిభుజం రాదు, మూసుకోని సగం షడ్భుజి వస్తుంది. తాబేలు ఒక్కసారిగా గెంతి తిరిగితే కారణం ఎవరికీ కనబడదు. అదే తిరిగేముందు అది చూస్తున్న వైపు ఒక మసక గీతను ముందుకు పొడిగించి, ఆ గీత నుంచి కొత్త దిశ దాకా చిన్న చాపం గీస్తూ మెల్లగా తిప్పితే సంగతి బయటపడుతుంది. తాబేలు తిరిగేది త్రిభుజం లోపలి కోణం మేర కాదు, బయటి కోణం మేర. మసక గీత పక్కన ‘60°’ అని వేసి ఉంటే పిల్లలు దాన్ని 70, 90, 110 అని మార్చుకుంటూ 120 దగ్గర ఆగుతారు. తర్వాత చతురస్రానికి 90, షడ్భుజికి 60 ఎందుకో వాళ్లే చెబుతారు. చుట్టూ తిరిగి మొదటి దిశకే వస్తే మొత్తం 360 తిరిగినట్టే కదా.

ఆ చాపం, ఆ మసక గీత కోసం రాయాల్సింది కొద్ది వరసలే. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క సౌకర్యమే ఉంచుకోమంటే నేను దాన్నే ఉంచుకుంటాను.

తప్పు జరిగినప్పుడు చెప్పాల్సిన మాటలు

సందేశాలను చివర్లో చూసుకుందామని వదిలేయకండి. నేర్చుకునేవాళ్లు మొదటి గంటలో ఎక్కువగా చదివేది వాటినే. ‘చెల్లదు’, ‘అనుమతి లేదు’, ‘సింటాక్స్ దోషం’ లాంటివి ఒక్కటీ ఉండకూడదు. ఏం కనిపించిందో, ఏం కనిపించలేదో చెప్పి ఒక ప్రశ్న అడిగితే సరిపోతుంది:

```
‘కుడి’ తర్వాత అంకె కనిపించలేదు. ఎన్ని డిగ్రీలు తిరగాలి?
‘ముందకు’ అనే మాట నాకు తెలియదు. ‘ముందుకు’ అనా?
ఈ బ్రాకెట్ తెరిచే ఉంది. ఎక్కడ మూయాలి?
‘చతురస్రం’కు ఒక అంకె కావాలి, రెండు వచ్చాయి.
```

రెండో సందేశానికి లెవెన్‌స్టీన్ దూరం వాడండి. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని గుర్తులు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి అన్న లెక్క అది. ‘ముందకు’కూ ‘ముందుకు’కూ తేడా ఒక్క కొమ్ము, అంటే దూరం 1. దూరం 2 లోపు ఉన్న మాటల్లో అతి దగ్గరిదాన్ని సూచించండి. అంతకంటే దూరమైతే ఊరుకోవడం మేలు, పొంతన లేని సూచన ఇంకా అయోమయం చేస్తుంది. పోల్చే జాబితాలో పిల్లలు ‘నేర్చుకో’తో పెట్టిన పేర్లనూ చేర్చండి.

కొన్నిటిని తప్పులుగా లెక్కించనే వద్దు. వెనక్కి, వెనక్కు, వెనుకకు మూడూ ఒకటే. కుడి, కుడికి, కుడివైపు మూడూ ఒకటే. లోపల ఒక చిన్న పట్టిక పెట్టి అన్నిటినీ ఒకే ఆజ్ఞకు కలిపేయండి. ఎలా మాట్లాడితే అలా రాసినవాళ్లను ఆపే హక్కు సాఫ్ట్‌వేర్‌కు లేదు.

తప్పు నడక మధ్యలో బయటపడితే అప్పటిదాకా గీసిన బొమ్మను తుడవకండి. తాబేలు ఆగిన చోటే ఆగి ఉండాలి, ఆగిన వాక్యం వెలుగుతూ ఉండాలి. తప్పు ఎక్కడ మొదలైందో చెప్పే ఆధారాలు ఆ బొమ్మలోనే ఉంటాయి.

తెర అమరిక

ఎడమవైపు రాసే చోటు, కుడివైపు తాబేలు, కింద ఒక్క వరస ఆజ్ఞల పెట్టె. ఫోనులో అయితే తాబేలు పైన, రాసే చోటు కింద. ఆ ఒక్క వరస పెట్టెను తక్కువ అంచనా వేయొద్దు. ‘ముందుకు 50’ కొట్టి ఎంటర్ నొక్కగానే తాబేలు కదలాలి. మొదటి పాఠమంతా దాంతోనే సాగాలి. అక్కడ కొట్టినవన్నీ ఒక జాబితాగా నిలబడి, ‘వీటిని ప్రోగ్రామ్ చేయి’ అన్న బటన్‌తో రాసే చోటులోకి వెళ్లగలిగితే, ప్రోగ్రామ్ అంటే ముందే చెప్పి ఉంచిన ఆజ్ఞల వరస అని వేరే వివరించక్కర్లేదు.

తెలుగు టైపింగ్ రానివాళ్ల కోసం పదకొండు మాటలకూ బటన్లు ఉండాలి. ‘సార్లు’ బటన్ నొక్కితే ‘4 సార్లు [ ]’ వచ్చి కర్సర్ బ్రాకెట్ల మధ్యకు చేరాలి. తెలుగు కీబోర్డులో చతురస్ర బ్రాకెట్ల కోసం వెతుక్కోవడం పెద్దవాళ్లకే చిరాకు. మామూలు బ్రాకెట్లు లెక్కల కోసం ఉంటాయి కాబట్టి వాటిని కలపకండి.

రాసిందంతా బ్రౌజరు లోకల్ స్టోరేజ్‌లో దానంతటదే దాగాలి. సేవ్ బటన్ మర్చిపోవడం వల్ల పని పోగొట్టుకున్న పిల్ల మళ్లీ కూర్చోదు.

మొదటి పాఠాలు ఏ వరసలో

ముందు ఒక్క వరస పెట్టెతో తాబేలును తెర అంచు దాకా తీసుకెళ్లి తిరిగి తేవడం. తర్వాత చతురస్రం, నాలుగు సార్లూ చేత్తో రాయించండి. విసుగొచ్చాకే ‘సార్లు’ చూపించండి, అప్పుడది కానుకలా అందుతుంది. ఆ వెంటనే పైన చెప్పిన త్రిభుజం.

అక్కడి నుంచి వృత్తం: ‘360 సార్లు [ ముందుకు 1 కుడి 1 ]’. అది నిజంగా 360 భుజాల బొమ్మ, చుట్టుకొలత 360 కాబట్టి అడ్డం కొలిస్తే దాదాపు 114.6 వస్తుంది. చుట్టుకొలతను వ్యాసంతో భాగించి చూడమనండి. తర్వాత అయిదు కొనల నక్షత్రం: ‘5 సార్లు [ ముందుకు 150 కుడి 144 ]’. 144ను 5తో హెచ్చిస్తే 720, అంటే తాబేలు రెండు చుట్లు తిరిగింది. ఏడు కొనలకు ఎంత అని అడిగితే ‘కుడి 720 / 7’ అని రాయగలగాలి. అందుకే అంకె ఉండాల్సిన ప్రతిచోటా లెక్క రాసే వీలు మొదటి రోజు నుంచే ఉండాలి.

చివరిగా చెట్టు:

```
నేర్చుకో చెట్టు కొమ్మ [
  కొమ్మ > 5 అయితే [
    ముందుకు కొమ్మ
    ఎడమ 30
    చెట్టు కొమ్మ * 0.7
    కుడి 60
    చెట్టు కొమ్మ * 0.7
    ఎడమ 30
    వెనక్కి కొమ్మ
  ]
]
చెట్టు 80
```

ఇది 255 కొమ్మలు గీస్తుంది. ఇందులో కీలకం చివరి రెండు వాక్యాలు. ప్రతి కొమ్మా పని ముగించాక తాబేలును బయలుదేరిన చోటుకే, బయలుదేరిన దిశకే తిరిగి అప్పగిస్తుంది. ‘వెనక్కి కొమ్మ’ తీసేసి నడిపించి చూపండి. చెట్టు చెదిరిపోతుంది, ఎందుకు చెదిరిందో ‘ఒక్క అడుగు’ బటన్‌తో వాళ్లే పట్టుకుంటారు. నడుస్తున్నప్పుడు ఏ పిలుపులో ఉన్నామో, అందులో కొమ్మ విలువెంతో పక్కన చిన్న జాబితాగా చూపించగలిగితే ఇంకా మేలు: చెట్టు 80, దాని కింద చెట్టు 56, దాని కింద చెట్టు 39.2.

పరీక్షించడం

యంత్రానికి తెరతో సంబంధం లేకుండా కట్టాం కాబట్టి లెక్కలను నేరుగా పరీక్షించొచ్చు. మూసుకునే బొమ్మలన్నీ (చతురస్రం, నక్షత్రం, 360 భుజాలది) ముగిశాక తాబేలు మొదటి చోటుకు 0.001 లోపు దగ్గరగా ఉండాలి. సరిగ్గా సమానమేనా అని అడగకండి, భిన్నాల లెక్కలో అది కుదరదు. చెట్టు ముగిశాక చోటు, దిశ రెండూ మొదట్లోలాగే ఉండాలి. ఖాళీ బ్రాకెట్ల పది కోట్ల సార్ల ప్రోగ్రామ్ నడుస్తుండగా ‘ఆపు’ నొక్కితే వెంటనే ఆగాలి. విడదీత గుర్తు ఉన్న పేరూ, లేని పేరూ ఒకటేనని తేలాలి. తెలుగు అంకెలతో ఒకసారి, మామూలు అంకెలతో ఒకసారి ఒకే బొమ్మ రావాలి.

అసలు పరీక్ష మాత్రం మనుషులతోనే. ప్రోగ్రామింగ్ తెలియని ఒకరిని కూర్చోబెట్టి, త్రిభుజం గీయమని చెప్పి, పక్కన మౌనంగా ఉండండి. మౌస్ అందుకోవద్దు. వాళ్లు ఎక్కడ ఆగారో, ఏ సందేశాన్ని రెండుసార్లు చదివారో, ఏ బటన్ కోసం వెతికారో రాసుకోండి. రెండుసార్లు చదివించిన సందేశాన్ని ఆ రాత్రే తిరగరాయండి. ఎవరైనా కొట్టిన మాట పట్టికలో లేకపోయినా అర్థం మీకు తెలిస్తే, దాన్ని పట్టికలో చేర్చండి.

కొత్త సౌకర్యాలు అడిగేవాళ్లు త్వరలోనే వస్తారు: శబ్దాలు, రెండో తాబేలు, రంగుల నేపథ్యాలు. వీటిలో ముందు రెండో తాబేలునే చేర్చండి. ప్రతి తాబేలుకూ ఒక జెనరేటర్ పెట్టి, వంతులవారీగా ఒక్కో అడుగు వేయిస్తే, రెండు పనులు పక్కపక్కనే నడవడం ఎలా ఉంటుందో పిల్లలు చూస్తారు. దానికి యంత్రంలో మార్చాల్సిందేమీ ఉండదు, నడిపే చోట ఒక జాబితా చేర్చితే చాలు.